బలమైనవాడు చివర రావాలి



ఈ నెల మీతో సైకిలు గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉన్నది. "అయ్యగారికి ఈ వయసులో సైకిలు మీద మనసు పోయిందేమి?" అని నవ్వుకోకుండ చివరి వరకు చదవండి. ఇది సైకిలు మాటే గాని, మన ఇంటి మాట కూడ.

పల్లెలలో ఉన్న మన పెద్దలకు సైకిలు కొత్త కాదు. పాలక్యాన్లను పట్నానికి చేర్చినది సైకిలే. ఉత్తరములు ఊరికి తెచ్చినది సైకిలే. ఒక్క ఆదివారము నాడే మూడు నాలుగు ఊళ్లలో ఆరాధన జరిపించవలసిన బోధకుని తిప్పినదీ సైకిలే. తరువాత మోటారు సైకిళ్లు వచ్చాయి. పాత సైకిలు గోడకు ఆనుకొని తుప్పు పట్టింది.

ఇప్పుడు మా బాలాపూర్ చుట్టుపక్కల రోడ్ల మీద సైకిలు మరల కనబడుతున్నది. ఇటు తుక్కుగూడ మీదుగా శ్రీశైలం వెళ్లే రోడ్డు, అటు ఎల్.బి. నగర్ వైపు నుండి ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు, రెండూ మాకు దగ్గరే. సెలవు దినములలో తెల్లవారక ముందే కొందరు హెల్మెట్లు పెట్టుకొని, వెనుక ఎర్ర దీపములు వెలిగించుకొని, గుంపులుగా ఆ రోడ్ల మీద సాగిపోతుంటారు. ఉద్యోగస్థులు, విద్యార్థులు, స్త్రీలు, నడివయసు వారు అందరూ ఉంటారు. చూచినవారు, "డబ్బులిచ్చి కష్టము కొనుక్కుంటున్నారు" అంటారు. నిజమే. అయితే ఆ కష్టములో ఒక పాఠమున్నది.

పందెము కాని ప్రయాణము

దూరపు సైకిలు ప్రయాణములకు ఫ్రాన్సు దేశములో పుట్టిన ఒక పద్ధతి ఉన్నది. దానిని "బ్రెవే" అంటారు. హైదరాబాదులోను ఇవి జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషములలో తొక్కాలి. 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. ఫ్రాన్సులో పారిస్ పట్టణము నుండి బ్రెస్ట్ వరకు వెళ్లి తిరిగి పారిస్ చేరే ప్రయాణమైతే 1200 కిలోమీటర్లు. దానికి ఎక్కువలో ఎక్కువ 90 గంటలు ఇస్తారు. ఆ ప్రయాణము 1891లో పందెముగా మొదలైనది. ఇప్పుడది పందెము కాదు. నాలుగేండ్ల కొకసారి జరుగుతుంది. 2019లోను, 2023లోను మన దేశము నుండి కూడ అనేకులు వెళ్లి అందులో పాల్గొన్నారు.

లెక్క వేసి చూడండి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలంటే గంటకు సుమారు 15 కిలోమీటర్లు. మంచి రోడ్డు మీద మన పాలవాడు కూడ ఆ వేగముతో పోగలడు. మరి కష్టమెక్కడ? కష్టము వేగములో లేదు. దారిలో ఎదురయ్యే వాటిలో ఉన్నది. టైరులో ముల్లు దిగుతుంది. చైను ఊడుతుంది. ఎదురుగాలి వీస్తుంది. మధ్యాహ్నము ఎండ దెబ్బ తీస్తుంది. ఆకలి తెలియకుండానే కాళ్లు లాగేస్తాయి. గడియారము మాత్రము ఆగదు.

ఈ బ్రెవేలలో మొదట వచ్చినవానికి బహుమానము లేదు. గడువు లోపల చేరిన వారందరూ చేరినవారే. ఎవరి సామాను వారు మోసుకోవాలి. వెంట కారు వచ్చి సాయము చేయకూడదు. కాని తోటి సైకిలువాడు ఆగి సాయము చేయవచ్చును. ఈ చిన్న సంగతి నాకు బహు నచ్చింది. డబ్బున్నవాని కారుకు అక్కడ చోటు లేదు. ఆగే మనసున్నవానికి చోటున్నది.

ముందు ఎవరు? వెనుక ఎవరు?

గుంపుగా తొక్కేవారు వరుసగా ఒకరి వెనుక ఒకరు ఎందుకు వెళ్తారో తెలుసా? ముందున్నవాడు గాలిని చీల్చుకొని పోతాడు. వాని వెనుక దగ్గరగా ఉన్నవానికి ఆ గాలి తగలదు గనుక శ్రమ తగ్గుతుంది. వేగము పెరిగిన కొద్దీ ఈ తేడా కూడ పెరుగుతుంది. పావు వంతు దాకా, కొన్నిసార్లు అంతకంటె ఎక్కువ శ్రమ కలిసివస్తుంది. అందుచేత ముందున్నవాడు కొంత దూరము గాలికి ఎదురు నిలిచి, అలసిపోక ముందే ప్రక్కకు తప్పుకొని వెనుకకు వస్తాడు. తరువాతి వాడు ముందుకు వస్తాడు. కొంగలు, బాతులు ఆకాశములో బారు కట్టి పోవడము మీరు చూచే ఉంటారు. అక్కడా ఇదే ఏర్పాటు.

ఇది చాలామందికి తెలిసిన సంగతి. తెలియనిది ఇంకొకటి ఉన్నది. అనుభవమున్న జట్లు తమలో గట్టివాడిని, సైకిలు బాగుచేయడము తెలిసినవాడిని అన్నిటికంటె వెనుక పెడతారు. పంపు, పానాలు, ట్యూబులు, మందుల సంచి వాని దగ్గరే ఉంటాయి. వానికంటె వెనుక ఎవరూ ఉండకూడదు. ఎవరు ఆగినా వాడు ఆగుతాడు. వాడు వచ్చాడంటే అందరూ వచ్చినట్లే లెక్క.

మనము సాధారణముగా ఏమనుకుంటాము? బలమైనవాడు ముందుండాలి, బలహీనుడు వెనుక ఈడ్చుకుంటూ రావాలి అనుకుంటాము. దూర ప్రయాణము చేసేవారు దీనిని తలక్రిందులు చేశారు.

దీని అవసరము శ్రీశైలం దారిలో బాగా తెలుస్తుంది. మన్ననూరు దాటిన తరువాత రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యములో ప్రవేశిస్తుంది. అడవి జంతువుల క్షేమము కొరకు రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు అక్కడ వాహనములను పోనివ్వరు. గుంపులో పదిమంది సాయంత్రానికే అడవి దాటిపోయి, ఒక్కడు వెనుకబడితే ఏమవుతుంది? చీకటి పడేసరికి వాడు అడవిలో ఒంటరిగా చిక్కుకుంటాడు. కాబట్టి గుంపు వేగము ముందున్నవాని కాళ్లలో లేదు. చివర ఉన్నవాని కాళ్లలో ఉన్నది.

సాగర్ దారిలో జరిగిన సంగతి

కొన్నేండ్ల క్రితము సంక్రాంతి సెలవులలో మా ప్రాంతపు యౌవనస్థులు పన్నెండుమంది సైకిళ్ల మీద నాగార్జునసాగర్ బయలుదేరారు. నేను వెంట వెళ్లలేదు. తిరిగి వచ్చిన తరువాత వారే కూర్చోబెట్టి చెప్పారు. వారి పేర్లు ఇక్కడ వ్రాయను.

వారిలో ఇద్దరికి గేర్ల సైకిళ్లున్నాయి. ఒక అబ్బాయికి మాత్రము తండ్రి వాడి విడిచిన పాత సైకిలు. అతడు ఇంటర్ తప్పి, మేనమామ సైకిలు షాపులో పని నేర్చుకుంటున్నవాడు. అందరికంటె పెద్దవాడు ఒక బడి పంతులు. సామాను సంచి తన క్యారియరుకు కట్టుకొని ఆయన చివర ఉన్నాడు.

ఇబ్రహీంపట్నంలో అందరూ ఇడ్లీలు తిన్నారు. ఆ అబ్బాయి, "నాకు ఆకలి లేదన్నా" అని బయటనే నిలబడ్డాడు. యాచారం దాటిన తరువాత వాని చైను ఊడసాగింది. ఒకసారి ఎక్కించారు. మరల ఊడింది. చైను సాగి వదులైనది గనుక, వెనుక చక్రము నట్లు వదులు చేసి, చక్రమును వెనుకకు జరిపి బిగించారు. చైను కుదిరింది గాని వాడు కుదురుకోలేదు. కాళ్లు వణికాయి. చలికాలపు ప్రొద్దుననే ముఖము నిండ చెమట పట్టింది.

"అన్నా, మీరు పోండ్రి. నా వల్ల మీకు లేటయితుంది. నేను బస్సు మీద సైకిల్ ఏస్కొని ఇంటికి పోత" అన్నాడు.

పంతులు సైకిలు దిగి, "ఆ సంగతి తర్వాత చూద్దాం తమ్మీ. పొద్దున్నుంచి ఏం తిన్నవు?" అని అడిగాడు.

వాడు జవాబు చెప్పలేదు. ఇంకొకసారి అడిగితే అప్పుడు చెప్పాడు. జేబులో ఇరువది రూపాయలే ఉన్నాయి. రెండు రోజులకు అవే. అందరి ముందు ఆ మాట చెప్పలేక ఆకలి లేదన్నాడు.

ప్రియులారా, ఈ మాట దగ్గర మనము కొంచెము ఆగాలి. చైను ఊడడము అందరికీ కనబడింది. దానిని బాగుచేయడానికి పానాలున్నాయి. కాని వాడు తినలేదన్న సంగతి పదకొండుమందిలో ఒక్కరికీ కనబడలేదు. పంతులు చివర ఉన్నాడు గనుక, ఆగాడు గనుక, అడిగాడు గనుక తెలిసింది. ముందుకు పోయినవారికి అది ఎన్నటికీ తెలిసేది కాదు. వాడు బస్సెక్కి పోయి ఉంటే, "వానికి దమ్ము లేదు" అని చెప్పుకునేవారు.

దూర ప్రయాణములో ఒంటిలోని చక్కెర నిలువలు తరిగిపోతే కాళ్లు వణకడము, చల్లని చెమట పట్టడము, చికాకు, తల తిరగడము జరుగుతాయి. అప్పుడు ధైర్యము చెప్పినందువలన ప్రయోజనము లేదు. తీపి తినిపించాలి. పంతులు బెల్లము, పల్లీలు, రెండు అరటి పండ్లు, మంచినీళ్లు ఇచ్చి చెట్టు నీడన కూర్చోబెట్టాడు. అరగంటకు ఆ అబ్బాయి ముఖము తేటపడింది. అక్కడే పంతులు తక్కినవారితో, "ఇప్పటి నుంచి ఎవరి డబ్బులు వారి జేబులో ఉండొద్దు. అన్నీ ఒక సంచిలో వేయండి. తిండి అందరికీ అందులోంచే" అన్నాడు. ఎవరు ఎంత వేశారో ఎవరూ లెక్క చూడలేదు.

ఇక గేర్ల సైకిళ్లవారిద్దరూ ఎప్పుడో ముందుకు దూసుకుపోయారు. మాల్ దాటిన తరువాత వారిలో ఒకని టైరులో ముల్లు దిగింది. పంపు లేదు, ప్యాచీలు లేవు. సామాను సంచి వెనుక ఉన్నది గదా! ఎవరిని వదలి వచ్చారో వారి కొరకే రెండు గంటలు రోడ్డు ప్రక్కన ఎదురు చూడవలసి వచ్చింది. తీరా అందరూ వచ్చాక ఆ పంక్చరు వేసినది ఎవరనుకున్నారు? సైకిలు షాపులో పని నేర్చుకుంటున్న ఆ అబ్బాయే.

చీకటి పడే వేళకు కొండమల్లేపల్లి చేరారు. సాగర్ ఇంకా చాలా దూరమున్నది. "రాత్రైనా పోదాము" అని కొందరు, "వద్దు" అని కొందరు. లారీలు పోయే రోడ్డు మీద చీకటిలో పిల్లలను తొక్కనివ్వనని పంతులు గట్టిగా చెప్పాడు. అక్కడి విశ్వాసులు చోటిచ్చి భోజనము పెట్టారు. మరునాడు సాగర్ చేరారు. అనుకున్న దానికంటె ఒక రోజు ఆలస్యము. కాని పన్నెండుమంది వెళ్లారు, పన్నెండుమంది చేరారు.

ముల్లు తీయని ప్యాచీ

ఆ అబ్బాయి పంక్చరు వేసిన విధము ఒకటి చెప్పాలి. ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్లలో ముంచి, బుడగలు వచ్చే చోటు కనుగొన్నాడు. గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరిన తరువాత ప్యాచీ అంటించాడు. తక్కినవారు, "అయిపోయింది, ట్యూబు ఎక్కించు" అని తొందరపెట్టారు. వాడు ఎక్కించలేదు. టైరు లోపలి వైపు బొటనవ్రేలితో చుట్టూ మెల్లగా తడిమాడు. ఒకచోట ఆగి, తుమ్మ ముల్లు మొన ఒకటి గోటితో పట్టి లాగాడు. "ఇది ఉంటె పది అడుగులు పోతె మల్ల పంచరే" అన్నాడు.

మన కుటుంబములలో ఎన్నో ప్యాచీలు పడుతుంటాయి. అన్నదమ్ముల మధ్య పొలము గట్టు తగవు వస్తే పెద్దలు కూర్చోబెట్టి చేతులు కలిపిస్తారు. అత్తాకోడండ్లు మాటలు మానితే పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, కలిసి టీ త్రాగిస్తారు. నెల తిరగకుండ మరల అదే తగవు. ఎందుకు? ట్యూబుకు ప్యాచీ పడింది గాని టైరులోని ముల్లు ఎవరూ తడిమి చూడలేదు. ముల్లు వెదకడానికి సమయము కావాలి, ఓర్పు కావాలి. కొన్నిసార్లు వ్రేలికి గుచ్చుకుంటుంది కూడ. అయినా అది తీయకుండ ప్రయాణము సాగదు.

ఆగినవారి కథలు

పెద్ద పెద్ద పందెముల చరిత్రలో కూడ ఈ విషయమే కనబడుతుంది. ఫ్రాన్సులో "టూర్ ద ఫ్రాన్స్" అనే సైకిలు పందెము 1903 నుండి జరుగుతున్నది. 1913లో ఉజెన్ క్రిస్తోఫ్ అనే ఆయన గెలుపునకు దగ్గరలో ఉండగా టూర్మలే అనే కొండ దిగుచున్నప్పుడు సైకిలు ముందు ఫోర్కు విరిగిపోయింది. ఎవరి సాయమూ తీసుకోకూడదని ఆనాటి నియమము. సైకిలు భుజాన వేసుకొని పది కిలోమీటర్లకు పైగా నడిచి, క్రింద ఊరిలో కమ్మరి కొలిమి దగ్గర గంటల తరబడి తానే ఇనుము కాల్చి, ఫోర్కు అతికించుకున్నాడు. అయితే రెండు చేతులూ పనిలో ఉండగా కొలిమి తిత్తి ఊదినది ఒక చిన్న పిల్లవాడు. అది "సాయము" అని పందెపు అధికారులు ఆయనకు శిక్షగా పది నిమిషములు కలిపారు. తరువాత దానిని మూడుకు తగ్గించారు.

అదే పందెములో 1934లో వేరొక సంగతి జరిగింది. అప్పటికి దేశముల వారీగా జట్లున్నాయి. ఫ్రాన్సు జట్టులో రెనే వియెట్టో అనే ఇరువది ఏండ్ల యువకుడు కొండలు ఎక్కడములో అందరినీ మించినవాడు. పిరనీస్ పర్వతములలో జట్టు నాయకుడు ఆంటొనీన్ మాన్యె పడిపోయి ముందు చక్రము పాడైతే, వియెట్టో తన చక్రము తీసి ఇచ్చివేశాడు. తనకు వేరొక చక్రము వచ్చే వరకు రోడ్డు ప్రక్క గోడ మీద కూర్చొని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఫోటో లోకమంతా తెలిసినది. మరునాడు కూడ మాన్యె సైకిలు చెడింది. అప్పటికి ముందు పోతున్న వియెట్టో ఆ మాట తెలిసి, దిగిన కొండను మరల ఎక్కి వెనుకకు వచ్చి సాయము చేశాడు. ఆ యేడు పందెము గెలిచినది మాన్యె. వియెట్టో అయిదవవాడు.

ఆ కన్నీళ్లను మరువవద్దు. ఇతరుల కొరకు ఆగినవాడు నవ్వుతూ ఆగాడని మనము కథలు చెబుతాము. ఆగినవానికి నష్టమున్నది. ఆ నష్టము నిజమైనది. దానిని తెలిసికొని ఆగాడు గనుకనే అది త్యాగము.

మన దేశములోను గొప్ప ప్రయాణమొకటి జరిగింది. 1923 అక్టోబరు 15న బొంబాయి నుండి ఆరుగురు పారసీ యువకులు లోకము చుట్టి రావాలని సైకిళ్ల మీద బయలుదేరారు. ఎడారులు, మంచు కొండలు, అడవులు దాటి సుమారు 71,000 కిలోమీటర్లు తొక్కి 1928 మార్చి 18న తిరిగి బొంబాయి చేరారు. చేరినది ముగ్గురే. వారు ఆది హకీం, జల్ బాపాసోలా, రుస్తుం భుంగారా. ఒకరు టెహరాన్ నుండి ఇంటికి మళ్లారు. అమెరికాలో మరి ఇద్దరు జట్టును విడిచారు. మిగిలిన ముగ్గురు తాము చూచినదంతా 1931లో పుస్తకముగా ప్రచురించారు. నాలుగున్నర ఏండ్ల దారిలో ఎండను, ఆకలిని, జ్వరమును ఓర్చుకోవడము ఒక ఎత్తు. ప్రక్కనున్న మనిషిని ప్రతి దినము ఓర్చుకోవడము ఇంకొక ఎత్తు. పెండ్లి అయిన ప్రతివారికీ ఈ సంగతి తెలుసు!

దాను పాళెము

ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణము మీకు తెలిసినదే. సంఖ్యాకాండము రెండవ అధ్యాయములోని లెక్కలు చదవడము మనకు విసుగు. కాని ఒకసారి ఓపికగా చూడండి. నాలుగు పాళెములలో అన్నిటికంటె పెద్దది యూదా పాళెము, 1,86,400 మంది. అది ముందు నడిచింది. రెండవ పెద్దది దాను పాళెము, 1,57,600 మంది. దానిని ఎక్కడ ఉంచారు? అందరికంటె వెనుక. పదవ అధ్యాయములో ఆ పాళెము వెనుక కావలిగా నడిచినదని చూస్తాము.

ఎందుకీ ఏర్పాటు? అమాలేకీయులు దారిలో ఎవరిని కొట్టారో ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము చెబుతుంది. అలసి సొలసి వెనుకబడిన వారిని కొట్టారు. ముందున్న బలవంతుల జోలికి పోలేదు. శత్రువు ఎప్పుడూ తోకనే పట్టుకుంటాడు. ఇప్పుడు కూడ అంతే. సారా, అప్పు, నిరాశ ముందుగా వెనుకబడినవానినే పట్టుకుంటాయి.

మన ఇంట చివర ఎవరు?

కాబట్టి ఈ నెల మన ఇంట అడుగవలసిన ప్రశ్న ఇది: మన ఇంటిలో వెనుకబడుతున్నది ఎవరు? వారి వెనుక ఎవరున్నారు?

పదవ తరగతి తప్పిన అబ్బాయి ఉండవచ్చును. చెవి సరిగా వినబడక మాటలలో కలువలేని తాతగారు ఉండవచ్చును. భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఉండవచ్చును. సంఘములో కానుక వేయలేక ఆరాధనకు రావడము మానుకున్న కుటుంబము ఉండవచ్చును. "మాకు తీరిక లేదు" అని వారు చెబుతారు. ఆకలి లేదన్న ఆ అబ్బాయి మాట జ్ఞాపకము చేసికొనండి. పైకి చెప్పే కారణము వేరు, లోపలి కారణము వేరు. అడగడానికి ఎవరో ఒకరు సైకిలు దిగాలి.

ఇంకొక మాట కూడ చెప్పాలి. ఇది పెద్దలు, తండ్రులు, అన్నలు వినవలసిన మాట. బలమైనవారు చివర ఉండాలన్నాను. అయితే ప్రతి ఇంటిలో ఆ పని ఒక్కరి నెత్తినే పడుతుంటుంది. అది ఎక్కువగా పెద్ద కూతురు. తమ్ముళ్ల చదువు కొరకు తన చదువు మానింది. తల్లి మంచాన పడితే వంట చేసింది. చెల్లెండ్ల పెండ్లిండ్లు అయ్యే వరకు తన పెండ్లి మాట ఎత్తలేదు. అందరూ చేరారు. అందరి వెనుక వచ్చినది ఆమె. "మా అక్క బంగారము" అని మెచ్చుకుంటాము గాని, "అక్కా, ఇక నీవు ముందుకు రా, కొంత దూరము నేను వెనుక ఉంటాను" అన్నవారు ఎందరు?

సైకిలు జట్టులో ముందువాడు మారినట్లే వెనుకవాడు కూడ మారాలి. ఎప్పుడూ ఒక్కడే చివర ఉంటే వాడు కూడ ఒకనాడు కూలిపోతాడు. అప్పుడు వాని కొరకు ఆగడానికి వెనుక ఎవరూ ఉండరు. సేవ చేసేవారికి వంతులు పెట్టడము అవిశ్వాసము కాదు, జ్ఞానము.

బయలుదేరే పిల్లలకు

ఈ సంగతులు చదివి మన యౌవనస్థులు కొందరు సైకిళ్లు దుమ్ము దులుపుతారని నాకు తెలుసు. మంచిదే. అయితే ఈ జాగ్రత్తలు మరువవద్దు.

బయలుదేరే ముందు బ్రేకు రబ్బర్లు, చైను, టైర్లు చూపించండి. కొండ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి పట్టకుండ, నొక్కుతూ వదులుతూ దిగండి. పంపు, ప్యాచీలు, సొల్యూషన్, విడి ట్యూబులు, పానాలు చివరివాని దగ్గర ఉంచండి. వీలైతే ముందువాని దగ్గర కూడ ఒక పంపు ఉంచండి. హెల్మెట్ పెట్టుకోండి. వెనుక ఎర్ర దీపము, మెరిసే పట్టీల చొక్కా ఉండాలి. రోడ్డుకు ఎడమ ప్రక్కన ఒకరి వెనుక ఒకరు వెళ్లండి. అవుటర్ రింగు రోడ్డు పైదారి మీదికి సైకిళ్లను అనుమతించరు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డే మనది. చీకటి పడితే ఆగిపోండి.

ప్రతి మలుపు దగ్గర ఆగి తలలు లెక్క పెట్టండి. లెక్క సరిపోకుండ ఎవరూ పెడలు మీద కాలు పెట్టవద్దు. ఆకలి కాక ముందే తినండి, దాహము కాక ముందే త్రాగండి. ఎండకు నీరసించి వాంతులు, విరేచనములు అయితే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించండి. చెంచాలు తలకొట్టి సమముగా కొలవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిగుడ్డలతో చల్లబరుస్తూ 108కి ఫోను చేయండి. తిండి డబ్బు మాత్రము అందరిదీ ఒకే సంచిలో ఉంచండి. ఎవడూ, "ఆకలి లేదన్నా" అని బయట నిలబడే పరిస్థితి రాకూడదు.

తల్లిదండ్రులారా, పిల్లలు ఇంటికి వచ్చిన తరువాత, "ఎన్ని గంటలలో పోయారు?" అని అడగడము మన అలవాటు. ఈసారి వేరుగా అడగండి. "చివర ఎవరు వచ్చారు? వాని వెనుక ఎవరున్నారు?" అని అడగండి. వారి జవాబును బట్టి వారి ప్రయాణము ఎలా జరిగినదో మీకు తెలిసిపోతుంది.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మరల కలుసుకొందాము.